ఇనుమునకు దోషమంటునా?

ఒక గొలుసు కొలిమిలో పడి గొడ్డలియై బయటికి వచ్చినది. నిన్నటివరకు దాని పని కట్టుట. నేటినుండి దాని పని నరకుట. కాలినప్పుడు కొంత చిట్టెమై రాలిపోయినది, అతుకునప్పుడు కొంత క్రొత్త ఉక్కు వచ్చి చేరినది. అయినను ప్రధానముగా ఆ ఇనుమే ఈ ఇనుము. అట్లయినచో గొలుసుగా ఉన్నప్పుడు అది చేసిన పనియొక్క దోషము ఎచ్చటికి పోయినది? గొడ్డలిగా అది చేయబోవు పనికి పూచీ ఎవరిది? ఇనుమునకు ఈ రెంటితో సంబంధమున్నదా, లేదా? చిన్నదిగా కనబడు ఈ ప్రశ్నలో ద్రవ్యమెట్టిది, రూపమెట్టిది, కర్త యెవరు అను విచారమంతయు ఇమిడియున్నది.

ఇది వాదముకొరకు కల్పించిన దృష్టాంతము కాదు. పాత గొలుసులతో గొడ్డళ్లు చేయు విద్యను నేడు అమెరికాలో కమ్మరులును, కమ్మరిపనిని తీరిక వేళల వ్యాసంగముగా చేపట్టినవారును సాధన చేయుచున్నారు. వారు చేయు చేతిగొడ్డలికి టొమహాక్ అని పేరు. ఆ మాట వర్జీనియా ప్రాంతపు ఆదివాసుల భాషనుండి ఆంగ్లమునకు వచ్చినది. చేయు విధానము వినదగినది. మోటారుసైకిలు గొలుసునో, చెట్లుకోయు యంత్రపు రంపపు గొలుసునో, బరువులు లాగిన పాత గొలుసునో తెచ్చి, ముందుగా దాని జిడ్డును, త్రుప్పును వదిలింతురు. మలినము మిగిలినచోట అతుకు సరిగా పట్టదు. శుభ్రమైన గొలుసును మడతలు పెట్టి ఒక ఉక్కు పెట్టెలో కూర్తురు. లంకెల నడుమనున్న సందులలో ఉక్కు పొడిని పోసి, పెట్టెను తట్టి తట్టి, పొడి మూలమూలలకు దిగునట్లు చేయుదురు. తరువాత మూతపెట్టి అతికి, కొలిమిలో ఉంచుదురు. వేడి సుమారు 1250 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరి, పెట్టె ఎరుపు దాటి పసుపుపచ్చగా వెలుగునపుడు వెలికితీసి, సమ్మెటతోనో యంత్రపు ఒత్తిడితోనో అన్ని వైపులనుండి అణచుదురు. ఒకసారితో తీరునది కాదు. కాచుట, అణచుట, మరల కాచుట. లోపలి ఇనుము నీరై కరగదు. మెత్తనై ఒకదానిలో ఒకటి లీనమగును. సందు కనబడదు, పొడి కనబడదు, లంకె కనబడదు. ఘనమైన ఒక్క దిమ్మ మిగులును.

ఆ దిమ్మపైనున్న పెట్టెపొరను అరగదీసి, కామ దూర్చుటకు కన్ను తొలిచి, వాదరను సాగగొట్టి గొడ్డలి రూపము తెత్తురు. మరల ఎర్రగా కాచి నూనెలో ముంచుదురు. అప్పుడది మిక్కిలి గట్టిది, కాని గాజువలె పెళుసు. అందుచేత సుమారు 200 డిగ్రీల వేడిలో గంట రెండు గంటలుంచి, ఆ కాఠిన్యమును కొంత సడలింతురు. చివరకు మెరుగుపెట్టి ఆమ్లజలములో ముంచగా ఆశ్చర్యకరమైన విషయమొకటి జరుగును. పూర్తిగా నశించినవనుకొన్న లంకెలు ఒక్కొక్కటిగా నల్లని, తెల్లని గీతలతో గొడ్డలి చెంపమీద ప్రత్యక్షమగును. గొలుసులోని ఉక్కు ఒక విధము, పొడిలోని ఉక్కు మరియొక విధము. ఆమ్లము ఒకదానిని ఎక్కువగా, ఇంకొకదానిని తక్కువగా తినుటచే ఆ చిత్రము తేలును. ఇట్టి చారల ఉక్కునకు డమాస్కస్ ఉక్కు అని వ్యవహారము.

కోనసీమ కమ్మరికి ఈ చిత్రపుపని అక్కరలేదు గాని, పాత ఇనుమునకు క్రొత్త జన్మనిచ్చుట అతనికి నిత్యకృత్యమే. అరిగిపోయిన లారీ కమానుపట్టీ అతని చేతిలో బొండములు చెక్కు కత్తియగును. విరిగిన గునపము ములుకు తీర్చుకొని మరల కొబ్బరికాయలు వలుచుటకు నిలబడును. ఈ ఇనుము పూర్వము ఏమి చేసినదని రైతు అడుగడు. పదును నిలుచునా అనియే అడుగును.

అయితే ఆ ప్రశ్న అడుగువారును ఉందురు. అమలాపురమునుండియు, రాజోలునుండియు అమెరికా వెళ్లి ఉద్యోగములు చేయుచున్న కుర్రవారు ఎందరో కలరు. వారిలో ఒకడు ఈ విద్య నేర్చి, తాను చేసిన గొడ్డలిని ఇంటికి తెచ్చి, విజయదశమినాడు ఆయుధపూజలో ఉంచమని కోరెననుకొనవచ్చును. ఆ ఇంటి మామ్మగారు సంశయింతురు. “గొలుసురా అది! ఏ నోరులేని పశువును కట్టిందో, ఎవరిని ఈడ్చిందో! సంకెళ్ల ఇనుము స్వామి ముందు పెడతామా?” అందురు. “ఇనుము ఇనుమే గదా మామ్మా! దానికేం తెలుసు?” అని మనుమడు బదులు పలుకును. మనుమని మాటలో వేదాంతము ధ్వనించుచున్నది. మామ్మగారి మాటలో కేవలము శంక ధ్వనించుచున్నది. కాని అంతమాత్రమున తీర్పు చెప్పివేయుట తొందరపాటగును.

మనుమని పక్షమున ఉపనిషత్తే నిలుచునట్లు కనబడును. ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువునకు మట్టిని, బంగారమును, ఇనుమును దృష్టాంతములుగా చెప్పెను. ఇనుమునకు ఆ మహర్షి ఎన్నుకొన్న వస్తువు ఖడ్గము కాదు, రథచక్రపు కమ్మి కాదు. గోళ్లు తీయు చిన్న పనిముట్టు. దాని తత్త్వము తెలిసినచో ఇనుముతోనైన సమస్తమును తెలిసినట్లే యని ఉపదేశము. ఇంతవరకే విని లేచిపోయినవాడు గోళ్ల కత్తియు, శత్రువు కంఠముపై పడు కత్తియు ఒక్కటే అని తేల్చివేయును. అన్నియు ఇనుమే, తక్కినదంతయు వట్టి పేరు అనును.

భగవద్రామానుజులు అట్లు లేచిపోలేదు. శ్రీభాష్యమున ఆరంభణాధికరణములో వారు ఈ దృష్టాంతములనే విచారించి, కారణద్రవ్యమే మరియొక అవస్థను పొంది కార్యమగుచున్నదనియు, ఆ అవస్థ మిథ్య కాదనియు నిరూపించిరి. మట్టి కుండ రూపమును, కుండ అను పేరును పొందునది నీరు తెచ్చుట మొదలైన వ్యవహారము జరుగుటకొరకే. మట్టిముద్దతో నీరు తేగలవారు లేరు. ద్రవ్యము ఒక్కటే అన్నమాట ఎంత సత్యమో, రూపము వచ్చినపుడు పనియు వచ్చినదన్న మాటయు అంతే సత్యము. ఈ సిద్ధాంతమును కొలిమివద్దకు తెచ్చి చూచినచో మనుమని సమాధానము సగములో ఆగిపోయినదని తెలియును. ఇనుము ఏమియు ఎరుగకపోవచ్చును. గొడ్డలి రూపమును ఇనుము తనంతట తాను కోరి తెచ్చుకొనలేదు గదా! ఎవడో ఒక పనిని తలచుకొని ఆ రూపమును దానికిచ్చినాడు. కనుక “ఇనుము ఇనుమే” అను వాక్యము శ్రోత నోట వేదాంతమైనను, చేసినవాని నోట తప్పించుకొను దారి కాగలదు.

కొత్తపేట ప్రాంతమున ర్యాలి క్షేత్రమును సేవించినవారికి ఈ సంగతి కన్నులయెదుటనే కలదు. అచ్చటి మూర్తి ఏకశిల. ముందు కేశవస్వామి, వెనుక జగన్మోహిని. రాయి రాయియే అన్నవాడు ముందు నిలిచి దండము పెట్టి పోవును. యాత్రికుడు మాత్రము వెనుకకు వెళ్లి చూడక కదలడు.

రూపమునకు పనియున్నదని ఒప్పుకొనినంతనే గొలుసు చెడ్డది, గొడ్డలి మంచిది అని గాని, దానికి విపర్యయముగా గాని చెప్పుటకు వీలులేదు. గోదావరి పాయల నడుమ బ్రదుకువారికి గొలుసు విలువ చెప్పనక్కరలేదు. వరదవేళ రేవులో కట్టు తెగిన పడవ ఎవరికిని దక్కదు. కంసుని చెరలో దేవకీవసుదేవులను బంధించినవి సంకెళ్లే. శిశువును ఎత్తుకొని వసుదేవుడు బయలుదేరగనే అవి వీడిపోయినవి. ఆ శిశువే రేపల్లెలో యశోద చేతి త్రాటికి కట్టుబడి దామోదరుడను నామమును సంతోషముతో ధరించెను. ఒక బంధము తెగుటయు భాగవతమే, ఒక బంధము ముడిపడుటయు భాగవతమే. గొడ్డలి సంగతియు అట్టిదే. కొబ్బరిచెట్టును కన్నబిడ్డగా చూచుకొను కోనసీమ రైతునకు గొడ్డలి కంటికింపైన వస్తువు కాదు. అయినను 1996 నవంబరు 6వ తేదీన విరుచుకుపడిన పెనుతుఫానులో కొబ్బరితోటలు నేలకొరిగినప్పుడు, పడిన చెట్లను తొలగించి ఊళ్లకు దారి తీయుటకు ఆ గొడ్డలియే దిక్కైనది. గొడ్డలి కామ కొయ్యతో చేసినదగుటచే కులమునకు చేటు తెచ్చునది అదే అని లోకులు నిందింతురు. ఆ నింద కామకు గాక కామను చెక్కినవానికి తగులవలెనని మాత్రము ఎవరును అనరు!

మరి చేసినవాని పూచీ ఎంత? బౌద్ధ సూత్రములు ఉపాసకుడు విడువవలసిన ఐదు వ్యాపారములలో ఆయుధ విక్రయమును చేర్చినవి. మాంస విక్రయమును అందులోనిదే. మహాభారతము వేరు త్రోవ తొక్కినది. అరణ్యపర్వమున కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము నేర్చుకొనుటకు మిథిలలోని మాంసపు అంగడికి వెళ్లవలసివచ్చినది. ఆ కథను చెప్పువారు వృత్తి యేదైనను ధర్మము ఆచరింపవచ్చునని ముగింతురు. అంతకంటె ముఖ్యమైనదొకటి అందులో ఉన్నది. ధర్మవ్యాధుడు తన వృత్తిని సమర్థించుకొనుటతోనే ఆగలేదు. అది ఘోరమైనదని తానే ఒప్పుకొనెను. తాను స్వయముగా చంపననియు, తిననియు చెప్పెను. అనగా మాంసము మాంసమే గదా అని చేతులు దులుపుకొనక, తన చేతికి అంటినదెంతయో, అంటనిదెంతయో లెక్క చూచుకొనెను. నిప్పును పొగ ఆవరించినట్లు కర్మలన్నింటిని ఏదో ఒక దోషము ఆవరించియే యుండునని గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున ఉపదేశించెను. ఆ ఉపమానము కొలిమియెదుట కూర్చున్నవానికి బోధపడినంతగా మరియొకరికి బోధపడదు. పొగ ఉన్నదని అతడు నిప్పును విడువడు. పొగ లేదనియు అనడు.

ఇక మామ్మగారి శంకయందున్న రెండవ అంశము మిగిలినది. చేయబోవు పని అటుంచి, గడచిపోయినదాని మాట యేమి? కొలిమిలో పడినంతమాత్రమున గొలుసుతనము పోయినదా? పోలేదని గొడ్డలి చెంపమీది లంకెలే చెప్పుచున్నవి. ఆ లంకెలను పూర్తిగా మాపివేయు కమ్మరియు కలడు. మడిచి మడిచి, అణచి అణచి, ఏ గుర్తును మిగులనీయక ఒక్క వన్నెకు తెచ్చును. మరియొకడు వాటిని మాపక, అవియే అందమని ఆమ్లములో ముంచి పైకి తెచ్చును.

శ్రీవైష్ణవ సంప్రదాయమున ఎరిగినవారికి ఈ భేదము క్రొత్తది కాదు. ఆశ్రితుల దోషముల విషయమున భగవంతుని వాత్సల్యమెట్టిదను ప్రశ్నకు పెద్దలు రెండు విధములుగా సమాధానము చెప్పిరి. వేదాంతదేశికులను అనుసరించువారు స్వామి ఆ దోషములను చూచియు చూడనట్లుండుటయే వాత్సల్యమందురు. పిళ్లై లోకాచార్యులను అనుసరించువారు అంతటితో ఆగక, అప్పుడే ఈనిన ఆవు దూడమీది మాలిన్యమును ప్రీతితో నాకినట్లు, స్వామికి ఆ దోషమే భోగ్యమగుచున్నదందురు. శతాబ్దములుగా నడచిన ఈ చర్చను ఒక గొడ్డలి తేల్చునని ఎవరును అనబోరు. దోషము చేయుటకు చనువిచ్చినట్లు కాదా యని మొదటివారి భయము. తల్లికి దూడ ఒంటిమీద రోత యుండునా యని రెండవవారి ప్రశ్న. రెండును ప్రేమనుండియే పుట్టినవి. ఇరువురును ఒప్పుకొనునది ఒకటి కలదు. విభీషణుడు శరణుజొచ్చినపుడు సుగ్రీవుడు ఎంత వారించినను, దోషమున్నను సరే మిత్రభావముతో వచ్చినవానిని విడువనని శ్రీరాముడు పలికెను. లంకలోని జీవితమును మాపివేసికొని రమ్మని వెనుకకు పంపలేదు. విష్ణుపురాణపు ప్రథమాంశమున స్వామి ఆయుధాభరణములకు తత్త్వార్థములు చెప్పిన అధ్యాయమొకటి కలదు. అందు నందకఖడ్గము విద్య, దాని ఒర అవిద్య. కత్తిని ధరించిన స్వామి ఒరను పారవేయలేదు.

లోహశాస్త్రమునను ఇట్టి సంగతియొకటి ఇటీవలనే తేలినది. డమాస్కస్ ఖడ్గములని లోకమున కీర్తికెక్కిన వాటికి మూలమైన ఉక్కు మూసలలో తయారైన దక్షిణదేశపు ఉక్కు. మన ‘ఉక్కు’ అను మాటయే వికృతి చెంది పాశ్చాత్యుల నోట ‘వూట్జ్’ అయినదని పండితులు చెప్పుదురు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము దీనికి ప్రసిద్ధము. పారశీక వర్తకులు దీనికొరకై అంతదూరము వచ్చెడివారు. హెన్రీ వాయిసీ అను ఆంగ్లేయుడు అచ్చటి విధానమును చూచి వ్రాసిన వృత్తాంతము, అతడు మరణించిన తరువాత 1832లో ప్రకటితమైనది. ఇనుమును మూసలలో పెట్టి, మట్టితో మూసి, తీవ్రమైన మంటలో ఉంచి, మెల్లగా చల్లార్చుటచే ఆ ఉక్కు సిద్ధించెడిది. గొలుసును పెట్టెలో అతుకుట వేరు, ఈ విధానము వేరు. పేరొక్కటే రెంటికిని వచ్చినది. 1819 ప్రాంతమున మైకేల్ ఫారడే దీని రహస్యమును ఛేదింపబూనెను. అతడు కమ్మరి కుమారుడే. రహస్యము చాలకాలము చిక్కలేదు. 1998లో వెర్హోవెన్, పెండ్రే మొదలగువారు ప్రకటించిన పరిశోధనలో, ఖనిజముతోపాటు లేశమాత్రముగా వచ్చు వనాడియమువంటి కల్మషములే ఆ చారలకు ముఖ్యకారణమని తేలినది. కల్మషము బొత్తిగా లేనిచో ఆ చిత్రము లేదు. పెద్దల చర్చలో రెండవ పక్షమువారు ఇది విని చిరునవ్వు నవ్వుదురేమో! అయితే కల్మషము మితిమీరినచో కత్తి విరుగునని మొదటి పక్షమువారు వెంటనే జ్ఞాపకము చేయుదురు.

గొడ్డలి యనగానే పరశురాముడు స్మరణకు రాక మానడు. తండ్రిని చంపినవారిపై మొదలైన కోపము ఇరువదియొక్క మారులు భూమిని చుట్టివచ్చినది. శ్రీవైష్ణవాచార్యులు ఆయనను ఆవేశావతారముగా గణించిరే గాని, మోక్షార్థులకు రామకృష్ణులవలె ఉపాస్యునిగా చెప్పలేదు. కమ్మరి భాషలో చెప్పవలెనన్నచో, అది నూనెలో ముంచిన పిమ్మట మందాగ్ని తగులని వాదర. మిథిలనుండి వచ్చు దారిలో శ్రీరాముడు వైష్ణవధనుస్సును ఎక్కుపెట్టినపుడు ఆ కాఠిన్యము సడలినది; భార్గవుడు మహేంద్రగిరికి మరలిపోయెను. ఆ గిరి శ్రీకాకుళపు సరిహద్దుకు చేరువనే యున్నది.

టొమహాక్ పుట్టిన దేశమునను గొడ్డలికి సడలింపు లేకపోలేదు. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చట ఒక చిత్రమైన గొడ్డలి వాడుకలోనుండెను. ఒకవైపు వాదర, రెండవవైపు పొగాకు కాల్చు గొట్టపు గిన్నె. కామ లోపల బోలుగానుండును. యుద్ధమునకు ఏ వస్తువో సంధికిని ఆ వస్తువే. ఇరోక్వాయి జాతులవారి సంప్రదాయములో, తమలో తాము పోరు మానినపుడు ఆయుధములను శాంతివృక్షపు వేళ్ల క్రింద పూడ్చిరని చెప్పుదురు. పాండవులు జమ్మిచెట్టుపైన దాచిరి. వారు చెట్టు క్రింద దాచిరి. దాచినవాటిని పాండవులు సంవత్సరమునకే దించుకొనిరన్నది వేరు సంగతి.

విజయదశమినాటి పూజకు మూలము ఆ జమ్మిచెట్టే గదా! ఇంతకును ఆ గొడ్డలిని పూజలో ఉంచవచ్చునా, కూడదా? కోనసీమలోనే, వసిష్ఠగోదావరి సముద్రమును చేరు అంతర్వేదిలో, దీనికి దగ్గరగా వచ్చు వృత్తాంతమొకటి కలదు. హిరణ్యాక్షుని కుమారుడైన రక్తవిలోచనుని రక్తబిందువులు ఇసుకరేణువులపై పడినంతనే వానివంటి రాక్షసులు పుట్టుచుండిరి. వసిష్ఠుని ప్రార్థనచే శ్రీ లక్ష్మీనరసింహస్వామి గరుడారూఢుడై వచ్చి వానిని చక్రముతో సంహరించి, ఆ చక్రమును చక్రతీర్థములో కడిగెనని స్థలపురాణము. సంహరింపబడినవాడు లోకకంటకుడు. సంహరించినవాడు సాక్షాద్భగవంతుడు. ఆ చక్రము జడమైన ఇనుము కాదు. వైష్ణవులు చక్రత్తాళ్వారని చేతులు జోడించు సుదర్శనుడు. అచ్చట దోషమునకు తావెక్కడ? అయినను కడుగుట జరిగినది. యాత్రికులు నేటికిని ఆ నీటిని తలపై చల్లుకొనుచున్నారు.

మామ్మగారికి ఈ కథ మనుమనికంటె బాగుగా తెలిసియుండును. గొడ్డలిని పీటపై చేర్చుటకు ఆమె అంగీకరింపవచ్చును. దానికిముందు నూతివద్దకు తీసికొనిపోయి, లంకెల గుర్తులు పైకి కనబడునట్లు దానిని కడిగి తుడిచి తెమ్మని ఎవరికి పురమాయింతురన్నది మాత్రము ఆ ఇంట ఎవరును అడుగనక్కరలేదు. చేసినవాడు ఎదుటనే నిలిచియున్నాడు.